డబ్బు కట్టినా క్యూ తప్పలేదేం? డిస్నీ వరల్డ్ లైట్నింగ్ లేన్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

థీమ్ పార్కుల్లో డబ్బు కట్టి క్యూ తప్పించుకునే పాసుల మీద వచ్చే ప్రశ్నలన్నిటిలో ఎక్కువ ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ గురించే. థ్యాంక్స్ గివింగ్ సెలవులకో, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడో మనవాళ్లు ముందుగా పెట్టుకునే ట్రిప్ అదే మరి. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం అక్కడి నాలుగు పార్కులకే (మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్) ఇచ్చాం. యూనివర్సల్, కాలిఫోర్నియా డిస్నీలాండ్, హైదరాబాద్ వండర్‌లా గురించి చివర్లో కొంత ఉంది. ధరలు రోజును బట్టి, పార్కును బట్టి మారతాయి కాబట్టి కొనే ముందు యాప్‌లో ఆ రోజు ధర చూసుకోండి.

లైట్నింగ్ లేన్ అంటే అసలు మనం కొనేది ఏమిటి?

ఒక గంట సమయం. ఉదాహరణకు 11:20 నుంచి 12:20 లోపు వస్తే ఫలానా రైడుకు పక్క దారిలో పంపిస్తారు. క్యూ మొదట్లో నిలబెడతామని ఎవరూ మాట ఇవ్వరు, పక్క దారిలోనూ జనం ఉంటారు. తిరుమలలో 300 రూపాయల టికెట్‌తో వెళ్లినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు: స్లాట్ టైమ్ ఉంటుంది, లోపల కంపార్ట్‌మెంటూ ఉంటుంది.

పాసులు ఎన్ని రకాలు?

మూడు. మొదటిది మల్టీ పాస్. పార్కులో చాలా రైడులకు పనికొస్తుంది, ఒక్కో రైడుకు రోజుకు ఒక్కసారే. మనిషికి, రోజుకు లెక్క. మామూలు రోజుల్లో 20 నుంచి 35 డాలర్ల మధ్య ఉంటుంది. యానిమల్ కింగ్‌డమ్‌లో తక్కువ, మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఎక్కువ.

రెండోది సింగిల్ పాస్. బాగా గిరాకీ ఉన్న కొన్ని రైడులు మల్టీ పాస్‌లో రావు, వాటికి విడిగా కట్టాలి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ట్రాన్, ఎప్‌కాట్‌లో గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ రైడు కాస్మిక్ రివైండ్, హాలీవుడ్ స్టూడియోస్‌లో రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్, యానిమల్ కింగ్‌డమ్‌లో అవతార్ ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ ఈ రకం. ఒక్కోటి సుమారు 10 నుంచి 25 డాలర్లు. రోజుకు రెండు మించి కొననివ్వరు. మల్టీ పాస్ లేకుండా సింగిల్ పాస్ ఒక్కటే కొనుక్కోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియక రెండూ కొంటారు.

మూడోది ప్రీమియర్ పాస్. దాని గురించి కింద వేరే ప్రశ్న ఉంది.

ఇదివరకు ఇది ఉచితమే కదా?

అవును. 1999లో ఫాస్ట్‌పాస్ కాగితపు చీటీగా మొదలైంది. 2014 నాటికి చీటీలు పోయి ఫాస్ట్‌పాస్ ప్లస్ వచ్చింది. మూడు రైడులు ముందే పైసా కట్టకుండా బుక్ చేసుకునేవాళ్లు. 2020 మార్చిలో కోవిడ్‌తో పార్కులు మూసినప్పుడు ఆగిపోయిన ఆ పద్ధతి మళ్లీ రాలేదు. 2021 అక్టోబర్ 19న జీనీ ప్లస్ పేరుతో మనిషికి 15 డాలర్ల పద్ధతి వచ్చింది. 2024 జూలై 24 నుంచి దాన్నే మార్చి మల్టీ పాస్, సింగిల్ పాస్ అంటున్నారు. పాత ఇంటర్నెట్ సలహాల్లో జీనీ ప్లస్ అని కనిపిస్తే పక్కన పెట్టండి, అప్పటి బుకింగ్ నియమాలు ఇప్పుడు చెల్లవు.

పాస్ ఉన్నా 25 నిమిషాలు నిలబడ్డాం. పక్కన మామూలు క్యూ అసలు కదల్లేదు. ఎందుకు?

ఎక్కువమంది విసుక్కునేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం.

రైడుకు గంటకు ఇంతమందినే ఎక్కించగలిగే హద్దు ఒకటుంటుంది. లెక్క కోసం 1500 అనుకోండి. రెండు దారులు కలిసే చోట ఒక ఉద్యోగి నిలబడి ఇటు నుంచి ఇంతమంది, అటు నుంచి ఇంతమంది అని వదులుతుంటారు. పాస్ ఉన్నవాళ్లు ఎక్కువసేపు ఆగకూడదు కాబట్టి పెద్ద వాటా వాళ్లకే. గంటలో 1100 మందిని పాస్ దారి నుంచి వదిలితే మామూలు క్యూకు మిగిలేది 400. మీ ముందు 600 మంది ఉంటే గంటన్నర. క్యూ చూడటానికి చిన్నదే, కదలిక మాత్రం ఉండదు.

పాసులే లేకపోతే ఆ 600 మంది 24 నిమిషాల్లో అయిపోయేవాళ్లు కదా అనుకోకండి. అప్పుడు ఆ 1100 మందీ మీ క్యూలోనే ఉండేవాళ్లు. పాస్ వల్ల రైడు ఎక్కే మనుషుల సంఖ్య ఒక్కటి కూడా పెరగదు. ఎదురుచూపు ఒకరి నుంచి ఇంకొకరికి మారుతుందంతే. కంపెనీ అమ్ముతున్నది ఆ మార్పిడినే.

ఇక పాస్ దారే నిండిపోయేది ముఖ్యంగా రైడు ఆగిపోయి మళ్లీ మొదలైనప్పుడు. 45 నిమిషాలు ఆగితే, పై లెక్క ప్రకారం 800 మందికి పైగా పాసులు వాడకుండా మిగిలిపోతాయి. వాళ్లందరికీ ఎప్పుడైనా రావచ్చన్న వెసులుబాటు దొరుకుతుంది. తెరిచారని యాప్‌లో కనిపించగానే అందరూ ఒకేసారి దిగుతారు. అప్పుడే మీ 11:20 స్లాట్ కూడా వస్తే 25 నిమిషాలు తక్కువే. మీ గంటలో ఇంకా టైముంటే ఓ అరగంట ఆగి వెళ్లండి.

బుకింగ్ ఎప్పుడు తెరుస్తారు?

డిస్నీ హోటల్‌లో దిగేవాళ్లకు చెక్ ఇన్ రోజుకు 7 రోజుల ముందు. ఉండే రోజులన్నిటికీ, 14 రోజుల దాకా, ఒకేసారి చేసేసుకోవచ్చు. స్వాన్, డాల్ఫిన్ హోటళ్లకూ ఈ వీలుంది. బయట హోటల్‌లోనో, బంధువుల ఇంట్లోనో ఉండేవాళ్లకు పార్కుకు వెళ్లే ప్రతి రోజుకూ 3 రోజుల ముందు. ఏదైనా డిస్నీ వరల్డ్ ఉన్న ఓర్లాండో టైము ఉదయం 7 గంటలకే.

అంటే డాలస్‌లో, షికాగోలో ఉన్నవాళ్లకు ఉదయం 6. బే ఏరియా, సియాటెల్ వాళ్లకు తెల్లవారుజామున 4. హైదరాబాద్, విజయవాడల నుంచి చేసేవాళ్లకు వేసవిలో సాయంత్రం 4:30, అమెరికాలో గడియారాలు వెనక్కి తిప్పాక నవంబర్ నుంచి మార్చి దాకా 5:30. ఈ గంట తేడా మర్చిపోయి బుకింగ్ పోగొట్టుకోవడం మామూలే.

బయట ఉండేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: మీకు తెరిచేసరికి హోటల్ వాళ్లు అప్పటికే నాలుగు రోజులుగా ఏరుకుంటున్నారు. స్లింకీ డాగ్ డాష్‌లాంటి వాటికి మంచి టైములు మిగలకపోతే మీ తప్పేమీ లేదు, మీ ఇంటర్నెట్ తప్పు అంతకన్నా కాదు.

7 గంటలకు ముందు ఏమేం సిద్ధం చేసుకోవాలి?

మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్‌లో అందరి పార్క్ టికెట్లూ ఒకే అకౌంట్‌కు లింక్ అయి ఉండాలి. ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ జాబితాలో అందరి పేర్లూ కనిపించాలి. టికెట్ లింక్ కాని మనిషికి పాస్ కొనలేరు. రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తుంటే ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఒక్కో కుటుంబం విడిగా టికెట్లు కొనుక్కుంటుంది, లింక్ చేయడం ఎవరికీ గుర్తుండదు. వారం ముందే ఈ పని ముగించండి.

కార్డు వివరాలు ముందే సేవ్ చేసి పెట్టండి. ఇండియా కార్డు అయితే అంతర్జాతీయ లావాదేవీలు బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి ఉన్నాయో లేదో చూడండి. ఓటీపీ వచ్చే ఫోన్ పక్కనే ఉండాలి. రైడులు ఎంచుకుని డబ్బు కట్టేదాకా ఏదీ ఖాయం కాదు.

7కు పది నిమిషాల ముందు లాగిన్ అవ్వండి. మొదట ఏ రైడు, అది లేకపోతే ఏది అన్నది కాగితం మీద రాసుకోండి. ఏడింటికి కుటుంబమంతా చర్చ పెడితే పని జరగదు.

ముందుగా ఎన్ని ఎంచుకోవచ్చు? ఈ టియర్ల గొడవేమిటి?

మూడు, అవీ ఒకే పార్కులో. మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్‌లో రైడులను రెండు గుంపులుగా విడగొట్టారు. గిరాకీ ఉన్న మొదటి గుంపు నుంచి ఒకటే, రెండో గుంపు నుంచి రెండు. యానిమల్ కింగ్‌డమ్‌లో ఈ విభజన లేదు. ఏ రైడు ఏ గుంపులో ఉందన్నది అప్పుడప్పుడు మారుస్తుంటారు, యాప్‌లో చూసుకోవడమే.

రెండో గుంపులో పేరు చూసి పెద్ద హాలు ఉన్న షోలను ఎంచుకోవద్దు. మిక్కీస్ ఫిల్‌హార్ మ్యాజిక్, మాన్‌స్టర్స్ ఇంక్ లాఫ్ ఫ్లోర్ లాంటి వాటిలో వందల సీట్లుంటాయి. పాస్ ఉన్నా లేకపోయినా మామూలుగా తర్వాతి షోకు లోపలికి పంపిస్తారు. అలాంటివాటికి ఒక స్లాట్ వాడేస్తే అది ఊరికే పోయినట్టే.

మూడు అయిపోయాక?

డబ్బుకు తగిన ఫలితం రావడమూ రాకపోవడమూ ఇక్కడే తేలుతుంది. మొదటి రైడు దగ్గర ట్యాప్ చేయగానే, అంటే ఫోన్‌నో టికెట్ కార్డునో అక్కడి మెషీన్‌కు తాకించగానే, ఇంకొకటి బుక్ చేసుకునే వీలు తెరుచుకుంటుంది. ఇకనుంచి గుంపుల నియమం ఉండదు. ఒకే రోజు ఒకటికి మించి పార్కులకు వెళ్లనిచ్చే పార్క్ హాపర్ టికెట్ ఉంటే వేరే పార్కులోవీ దొరుకుతాయి. ఒకేసారి చేతిలో ఉండగలిగేవి మూడు. ఒకటి వాడిన ప్రతిసారీ ఒకటి వేసుకోవచ్చు.

కాబట్టి ముందుగా ఎంచుకునే మూడూ వీలైనంత పొద్దునే ఉండాలి. మొదటి స్లాట్ 9:30కి ఉన్నవాళ్లు రోజులో ఏడెనిమిది రైడులు లాగగలరు. మొదటిదే మధ్యాహ్నం 2 గంటలకు పెట్టుకున్నవాళ్లకు అప్పటిదాకా యాప్ కొత్తదేదీ ఇవ్వదు. మూడు నాలుగుతో రోజు ముగుస్తుంది, ధర మాత్రం ఇద్దరికీ ఒకటే. బాగా కావలసిన రైడుకు మధ్యాహ్నం టైమే దొరికితే దాన్ని అలాగే ఉంచి, మిగతా రెంటిలో ఒకటైనా పొద్దున పది లోపు ఉండేలా చూడండి. అది అంత గొప్ప రైడు కాకపోయినా ఫరవాలేదు.

ట్యాప్ అయ్యాక రైడు ఎక్కి దిగేదాకా ఆగకండి. దారిలో నడుస్తూనే తర్వాతిది బుక్ చేయండి.

అన్నీ సాయంత్రం 7, 8 గంటలవే చూపిస్తోంది. ఏం చేయాలి?

దొరికినదాన్ని ముందు తీసుకుని, తర్వాత మాడిఫై నొక్కి మెరుగైన టైము వెతకండి. కొత్త టైము ఖాయం చేసేదాకా పాతది మీ దగ్గరే ఉంటుంది. జనం ప్లాన్లు మార్చుకుంటుంటారు, వాళ్లు వదిలేసినవి ఒకటొకటిగా తిరిగి వస్తాయి. కొన్ని సెకన్లపాటే కనిపిస్తాయి కాబట్టి పేజీని రిఫ్రెష్ చేస్తూ ఉండాలి. ఇద్దరికి దొరికేంత త్వరగా ఆరుగురికి ఒకే టైములో దొరకదు. పెద్ద గుంపైతే ఇద్దరిద్దరిగా చేస్తే టైములు కొంచెం అటూ ఇటూ అయినా పని అవుతుంది.

సెలవుకని వచ్చి రోజంతా ఫోన్ చూస్తూ గడపాలా అని అడిగేవాళ్లకు మా దగ్గర మంచి జవాబు లేదు. ఈ పద్ధతిలో పెద్ద లోపం అదే. ఒక్కరికి ఈ పని అప్పగించి మిగతావాళ్లు ఫోన్లు జేబులో పెట్టుకోవడం కాస్త నయం.

నా టైముకు వెళ్లేసరికి రైడు ఆగిపోయింది. పాస్ పోయినట్టేనా?

పోదు. మీ గంటలో రైడు ఆగిపోతే ఆ పాస్ దానంతటదే మల్టిపుల్ ఎక్స్‌పీరియన్సెస్ పాస్‌గా మారుతుంది. అదే రైడు తెరిచాక టైముతో పని లేకుండా వెళ్లవచ్చు, లేదా యాప్ చూపించే ఇతర రైడుల్లో ఒకదానికి వాడవచ్చు. చిక్కేమిటంటే ఆ జాబితాలో ఎక్కువగా చిన్న రైడులే ఉంటాయి. తొందరపడి వాడేయకుండా సాయంత్రం దాకా దాచుకోండి.

ఫ్లోరిడాలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మధ్యాహ్నం పూట ఉరుములు, మెరుపులు దాదాపు రోజువారీ వ్యవహారం. మెరుపులు దగ్గరికొస్తే స్లింకీ డాగ్, ఎవరెస్ట్, సెవెన్ డ్వార్ఫ్స్ లాంటి బయటి రైడులు ఆపేస్తారు. వేసవిలో బయటి రైడులకు పొద్దుటి స్లాట్లు, పైకప్పు ఉన్నవాటికి మధ్యాహ్నం స్లాట్లు పెట్టుకుంటే ఈ బాధ సగం తగ్గుతుంది.

సింగిల్ పాస్ కొన్న రైడు రోజంతా తెరవకపోతే నీలం గొడుగుల కింద ఉండే గెస్ట్ ఎక్స్‌పీరియన్స్ వాళ్ల దగ్గరికి ఆ రోజే వెళ్లి అడగండి. ఇంటికెళ్లాక ఫోన్ చేయడం కన్నా అక్కడే నిలబడి అడిగితే పని త్వరగా అవుతుంది.

కొంచెం ఆలస్యమైతే?

సాధారణంగా 5 నిమిషాలు ముందు, 15 నిమిషాలు తర్వాత దాకా ట్యాప్ పనిచేస్తుంది. దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి. ఆలస్యమయ్యేలా ఉంటే గంట ముగియకముందే మాడిఫై చేయండి.

కుటుంబంలో అందరికీ కొనాలా?

అక్కర్లేదు. అమ్మానాన్నలకు రోలర్ కోస్టర్లు వద్దనుకుంటే వాళ్లకు మల్టీ పాస్ అనవసరం. మూడేళ్ల లోపు పిల్లలకు పార్క్ టికెట్టే ఉండదు, పాసూ ఉండదు, మీతోపాటు వస్తారు.

కొనే ముందు పిల్లల ఎత్తు కొలవండి, బూట్లు విప్పి. ట్రాన్‌కు 48 అంగుళాలు, ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్‌కు 44, కాస్మిక్ రివైండ్‌కు 42, రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్‌కు 40, స్లింకీ డాగ్‌కు 38. రైడు దగ్గర కర్ర పెట్టి కొలుస్తారు. అర అంగుళం తక్కువైనా పంపరు, బతిమాలినా వినరు. పాస్ కొన్నామన్న మాట అక్కడ పనిచేయదు.

ఎత్తు చాలని పిల్లాడు ఉన్నాడు. భార్యాభర్తల్లో ఒకరు రైడు వదులుకోవాల్సిందేనా?

వదులుకోనక్కర్లేదు. రైడర్ స్విచ్ అని అడగండి, ఉచితం. అందరూ కలిసి రైడు మొదట్లో ఉన్న ఉద్యోగి దగ్గరికి వెళ్లాలి. ఒకరు పిల్లాడితో బయట ఉంటారు, మిగతావాళ్లు ఎక్కి వస్తారు. తర్వాత బయట ఉన్నవాళ్లు లైట్నింగ్ లేన్‌లోంచి వెళ్తారు, ఎక్కివచ్చిన పెద్ద పిల్లలు వాళ్లతో రెండోసారి ఎక్కేయొచ్చు. పిల్లలకు ఇదే అసలైన బోనస్. మొదటివాళ్లు లోపలికి వెళ్లకముందే అడగాలి. దిగివచ్చాక అడిగితే ఇవ్వరు.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమెకు క్యూ లేకుండా పంపిస్తారా?

ఆ కారణం మీద పంపరు. డిస్నీలో డాస్ అనే వికలాంగుల సదుపాయం ఉంది. 2024 మే 20 నుంచి ఫ్లోరిడాలో దాన్ని ప్రధానంగా ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యల వల్ల మామూలు క్యూలో ఎక్కువసేపు ఉండలేనివాళ్లకు పరిమితం చేశారు. డిస్నీ ఉద్యోగులతో వీడియో కాల్‌లో మాట్లాడాలి. మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే ట్రిప్‌కు ముందే ఈ కాల్ చేయండి, ఆ రోజు పార్కులో చేస్తే గంటలు పోతాయి.

మోకాళ్లు, నడుము, అలసట అయితే వీల్‌చైర్ తీసుకోండి. గేటు దగ్గరే అద్దెకిస్తారు. వీల్‌చైర్ వల్ల క్యూ తగ్గదు, నిలబడే బాధ తగ్గుతుంది. చాలా క్యూల్లోకి వీల్‌చైర్ నేరుగా వెళ్తుంది. కొన్ని రైడుల్లో మాత్రం దిగి సీటులో కూర్చోగలగాలి. రోజుకు పది కిలోమీటర్లు నడవడం ఈ పార్కుల్లో వింతేమీ కాదు, కాబట్టి ఇంట్లో బాగానే నడిచే అరవై ఏళ్లవాళ్లకు కూడా వీల్‌చైర్ మంచిదే. మొహమాటపడతారు, మధ్యాహ్నానికి వాళ్లే అడుగుతారు.

పెద్దవాళ్లకు పాస్ అవసరమే లేని మంచివి ఉన్నాయి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో పీపుల్ మూవర్‌కు లైట్నింగ్ లేనే లేదు. ఎప్‌కాట్‌లో లివింగ్ విత్ ద ల్యాండ్ పడవ ఎక్కితే మట్టి లేకుండా కూరగాయలు పెంచే గ్రీన్‌హౌస్‌ల గుండా తీసుకెళ్తుంది. వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన పెద్దలకు కోటలు, ఎలుకల కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది. కిలిమంజారో సఫారీ బాగుంటుంది కానీ ట్రక్కు కుదుపులు గట్టివి, నడుము నొప్పి ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి.

మొత్తానికి కొనాలా, వద్దా?

పార్కును బట్టి చెప్తాం.

మ్యాజిక్ కింగ్‌డమ్: మొదటిసారి వెళ్తూ, ఒకటే రోజు ఉంటే కొనండి. రైడుల సంఖ్య ఎక్కువ, పాస్ పనిచేసేవీ ఎక్కువ. ఒక మినహాయింపు ఉంది. హాలోవీన్, క్రిస్మస్ పార్టీలు జరిగే రోజుల్లో మామూలు టికెట్ వాళ్లను సాయంత్రం 6కు పంపించేస్తారు. ఆ రోజుల్లో జనం తక్కువ ఉంటారు, పాస్ వాడే టైమూ తక్కువే. అప్పుడు అవసరం లేదు.

హాలీవుడ్ స్టూడియోస్: రైడులు కొన్నే, అన్నిటికీ పెద్ద క్యూలే. రద్దీ రోజైతే కొనండి.

ఎప్‌కాట్: రెమీ, ఫ్రోజెన్, టెస్ట్ ట్రాక్ మూడూ కావాలంటేనే. తిండికి, తిరగడానికి వెళ్లేవాళ్లకు దండగ.

యానిమల్ కింగ్‌డమ్: వద్దు. పొద్దునే వెళ్లి ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్‌కు నిలబడండి, లేకపోతే దానికొక్కదానికి సింగిల్ పాస్ కొనండి.

డబ్బు లెక్క ఇలా వేసుకోండి. 30 డాలర్ల రోజున నలుగురికి 120, మీద 6.5 శాతం పన్ను కలిపితే 127 డాలర్ల 80 సెంట్లు. బాగా వాడితే రద్దీ రోజున మూడు గంటలు మిగలొచ్చు. అంటే మనిషికి గంటకు 10 డాలర్ల పైచిలుకు. పార్క్ టికెట్‌కే మనిషికి వంద దాటి పెట్టినవాళ్లకు ఇది చెడ్డ బేరం కాదు. జనవరి చివర్లో, సెప్టెంబర్‌లో మామూలు వారం రోజున మిగిలేది గంట కూడా ఉండకపోవచ్చు, అప్పుడు అనవసరం. ఒక్క పాస్ రెండున్నర వేల రూపాయల పైనే అన్న లెక్క మాత్రం నాన్నగారి ముందు వేయకండి, ఆయన ఆ రోజంతా రైడు ఎక్కరు.

కొనకుండా ఎలా నెట్టుకురావాలి?

పొద్దున మొదటి గంట, రాత్రి చివరి గంట. మిగతాదంతా దీని తర్వాతే. పార్కు 9కి తెరిస్తే 8:15కల్లా గేటు దగ్గర ఉండండి. డిస్నీ హోటల్ వాళ్లను రోజూ అరగంట ముందే లోపలికి వదులుతారు కాబట్టి బయటి నుంచి వచ్చేవాళ్లు వాళ్లు ఎగబడే రైడు వైపు వెళ్లకూడదు. ఆ అరగంటలో తెరవని మూలకు పోవాలి. రాత్రి మూసే టైముకు ఒక్క నిమిషం ముందు క్యూలో చేరినా మామూలుగా ఎక్కనిస్తారు, బాణసంచా వెలుగుతున్నప్పుడు క్యూలు పలచబడతాయి.

విడివిడిగా కూర్చోవడానికి సిద్ధమైతే సింగిల్ రైడర్ దారి ఉంది. ఎవరెస్ట్, స్మగ్లర్స్ రన్ రెండింటిలో బాగా పనికొస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఏడేళ్ల లోపు పిల్లలను అలా ఒంటరిగా పంపనివ్వరు.

ప్రీమియర్ పాస్ ఏమిటి? అంత ధర ఎందుకు?

టైము బుక్ చేయకుండా, ఆ పార్కులో లైట్నింగ్ లేన్ ఉన్న ప్రతి రైడుకూ ఒక్కోసారి ఎప్పుడైనా వెళ్లవచ్చు. సింగిల్ పాస్ రైడులు కూడా కలిసే ఉంటాయి. 2024 అక్టోబర్ 30న ఫ్లోరిడాలో మొదలైనప్పుడు మనిషికి రోజుకు 129 నుంచి 449 డాలర్లు. తక్కువ ధర యానిమల్ కింగ్‌డమ్‌ది, ఎక్కువ ధర మ్యాజిక్ కింగ్‌డమ్‌ది. ఫోన్ గొడవ ఉండదన్నది నిజమే. నలుగురికి ఒక్క రోజుకు ఇండియా టికెట్ ఖర్చు దగ్గరికి వస్తుందన్నదీ నిజమే.

డబ్బు వాపసు ఇస్తారా?

ఇవ్వరు, వేరేవాళ్ల పేరుకు మార్చరు. పిల్లలకు జ్వరం వచ్చి మధ్యాహ్నం వెళ్లిపోతే పోయినట్టే. ప్లాన్ ఖాయమయ్యాకే కొనండి.

మేం బుక్ చేసి పెడతామని వాట్సాప్ గ్రూపుల్లో కొందరు అంటున్నారు. నమ్మొచ్చా?

వాళ్లకు మీ డిస్నీ అకౌంట్ పాస్‌వర్డ్ ఇవ్వాలి. అందులో మీ కార్డు సేవ్ అయి ఉంటుంది. వద్దు. మిగిలిపోయిన లైట్నింగ్ లేన్ అమ్ముతామనేవాళ్లది మోసమే, ఎందుకంటే పాస్ మనిషి టికెట్‌కు ముడిపడి ఉంటుంది.

యూనివర్సల్ ఓర్లాండోలో ఎక్స్‌ప్రెస్ పాస్ ఇలాంటిదేనా?

వాడకం చాలా తేలిక. స్లాట్లు, ఉదయం 7 గంటల పరుగులు లేవు. రైడు దగ్గరికి వెళ్లి ఎక్స్‌ప్రెస్ దారిలో చేరడమే. మామూలు ఎక్స్‌ప్రెస్‌తో ఒక్కో రైడుకు ఒకసారి, అన్‌లిమిటెడ్‌తో ఎన్నిసార్లైనా. అన్ని రైడులూ ఇందులో ఉండవు, కొనే ముందు జాబితా చూడండి. ధర రద్దీని బట్టి పార్క్ టికెట్‌ను దాటిపోయే రోజులూ ఉంటాయి.

ఒక లెక్క వేసి చూడండి. పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ హోటళ్లలో దిగినవాళ్లకు యూనివర్సల్ స్టూడియోస్, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ రెంటికీ ఎక్స్‌ప్రెస్ అన్‌లిమిటెడ్ గదితోపాటే వస్తుంది. చెక్ ఇన్ రోజు, చెక్ అవుట్ రోజు కూడా లెక్కే. ఒక్క రాత్రి గది తీసుకుంటే రెండు రోజులు గడుస్తాయి. నలుగురికి విడిగా కొనే ధరతో పోలిస్తే చాలాసార్లు గదే చవక. 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్‌కు మాత్రం ఈ హోటల్ సౌకర్యం వర్తించదు. పార్క్ టికెట్లు ఎలాగూ వేరు.

కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో?

పేరు మల్టీ పాసే, పద్ధతి వేరు. రోజుల ముందు రైడులు ఎంచుకోవడం లేదు. లోపలికి వెళ్లాక ఒక్కొక్కటిగా బుక్ చేసుకోవాలి, గుంపుల నియమమూ లేదు. పార్కు ఫొటోగ్రాఫర్లు తీసిన ఫొటోలు ఇందులోనే వస్తాయి. ఫ్లోరిడాలో వాటికి వేరే కట్టాలి. రెండు పార్కుల గేట్లు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి హాపర్‌తో పాస్ బాగా గిట్టుబాటవుతుంది.

హైదరాబాద్ వండర్‌లాలో ఫాస్ట్‌ట్రాక్ తీసుకోవాలా?

రావిర్యాలలోని వండర్‌లా 2016లో తెరిచారు. మామూలు టికెట్ కన్నా బాగా ఎక్కువ ధరకు ఫాస్ట్‌ట్రాక్ టికెట్ ఉంది, దాంతో కొన్ని రైడులకు వేరే వరుసలో పంపిస్తారు. స్కూళ్లు నడిచే రోజుల్లో, మంగళవారమో బుధవారమో వెళ్తే దీని అవసరం రాదు. సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు, ఆదివారాల్లో పనికొస్తుంది. అక్కడ పిల్లల టికెట్‌కు లెక్క వయసు కాదు, ఎత్తు. ఎత్తు చాలక పెద్ద రైడులు ఎక్కలేని పిల్లలకు ఫాస్ట్‌ట్రాక్ కొంటే డబ్బు వృథా. మధ్యాహ్నం జనమంతా నీళ్ల వైపు వెళ్లిపోతారు. ఆ టైములో పొడి రైడులు ఎక్కితే మామూలు టికెట్‌తోనే సరిపోతుంది.

డిస్నీలో ట్యాప్ చేయడానికి మ్యాజిక్ బ్యాండ్ (చేతికి పెట్టుకునే పట్టీ) కొనాలా?

అక్కర్లేదు. ఫోన్‌లోని పాస్ చాలు, ప్లాస్టిక్ టికెట్ కార్డు కూడా పనిచేస్తుంది. ఫోన్ మీదే ఆధారపడితే పవర్ బ్యాంక్ తీసుకెళ్లండి. రోజంతా యాప్ తెరిచి ఉంచితే బ్యాటరీ మధ్యాహ్నం రెండింటికే అయిపోతుంది. చిన్నపిల్లల చేతికి ఫోన్ ఇవ్వలేరు కాబట్టి వాళ్లకు కార్డులు తీసుకుని, వాటిని ఒకే మనిషి దగ్గర ఉంచండి.